డబ్బా అడుగు చూశారా?

మొన్న ఆషాఢంలో మా కందిపప్పు సీసా అడుగు చూశాను. ఆ సీసా కొని నాలుగేళ్లు. అడుగు చూడడం అదే మొదటిసారి. పైన నాలుగు వేళ్ల మందాన నిగనిగలాడే కొత్త పప్పు, దాని కింద కాస్త వెలిసిన పప్పు, ఇంకా కింద ఎన్ని విజిల్స్ వచ్చినా మెత్తబడని పాత పప్పు, అట్టడుగున వేలెడు పొడి. పొడిలో ఎర్రటి సన్నని పెంకు పురుగులు. బావి తవ్వేటప్పుడు నేల పొరలు బయటపడ్డట్టు నా నాలుగేళ్ల వెచ్చాలు అక్కడ వరసగా పేరుకుని ఉన్నాయి. అది గాజు సీసా. ఆ పొడి అద్దంలోంచి రోజూ కనబడుతూనే ఉండి ఉండాలి. నా కంటికి ఆనలేదు. ఎప్పుడూ నిండుగా ఉండేదాన్ని ఎవరు చూస్తారు?

విజయవాడలో కొత్త ఫ్లాట్‌లోకి మారినప్పుడు అలాంటి సీసాలు ముప్పై ఆరు కొన్నాను. వెదురు మూతలు, మూతకు రబ్బరు పట్టీ, ఒంటి మీద తెల్లక్షరాల చీటీ. అమ్మ ఇచ్చిన స్టీలు డబ్బాలు అటకెక్కాయి. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు దేవుడి గది కంటే ముందు ఆ అలమరను ఫొటో తీసుకున్నారు. "ఎంత పొందిగ్గా సర్దుకున్నావమ్మా" అన్నారు. నేనూ నమ్మాను.

ఈ నమ్మకం నా ఒక్కదానిదే అయితే ఇంత రాయనక్కర్లేదు. ఇవాళ వంటింటి సరుకుల గురించి ఎవరు సలహా ఇచ్చినా నాలుగు సూత్రాలే చెబుతున్నారు. సరుకు కంటికి కనబడాలి. ప్యాకెట్ చింపి డబ్బాలో పోయాలి. మూత గాలి చొరకుండా బిగియాలి. డబ్బాలన్నీ ఒకే తీరుగా ఉండాలి. 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'ది హోమ్ ఎడిట్' వాళ్ల కార్యక్రమంలో వస్తువుల్ని ఇంద్రధనుస్సు రంగుల వరసలో పేర్చి చూపించారు. ఆ చూపు సముద్రాలు దాటి మన ఇంటీరియర్ వాళ్ల బ్రోచర్లలోకీ, ఫోన్లలోని వంటింటి వీడియోల్లోకీ వచ్చేసింది. మన ఊళ్ల ఉక్కపోతకీ, మన పప్పులకీ, మన పురుగులకీ ఈ నాలుగు సూత్రాలూ సరిపడవని నా వాదన. సరుకుల అలమర కాలానికి సంబంధించిన ఏర్పాటు. ఏది ఎప్పుడొచ్చింది, ఎన్నాళ్లు ఆగుతుంది, ఎప్పటికి అయిపోవాలి అన్నవే అసలు ప్రశ్నలు. ఈ మూడింటికీ జవాబు చెప్పలేని అలమర ఎంత అందంగా ఉన్నా సర్దనట్టే.

మొదటి సూత్రం చూద్దాం, కంటికి కనబడాలన్నది. గుంటూరు చుట్టుపక్కల ఎటు వెళ్లినా మిర్చి కోసం కట్టిన శీతల గిడ్డంగులు కనబడతాయి. అప్పటికి అమ్మని కాయను రైతూ వ్యాపారీ టిక్కీల్లో కుక్కి, అద్దె కట్టి, నెలల తరబడి ఆ చలిలో, చీకట్లో దాస్తారు. వేడికీ వెలుతురుకీ వదిలేస్తే ఎరుపు వెలిసిపోతుంది, ఎరుపు వెలిస్తే ధర పడిపోతుంది. అక్కడ అద్దె కట్టి కాపాడిన రంగును మనం ఇంటికి తెచ్చి, స్టవ్ పక్కన, కిటికీకి ఎదురుగా, గాజులో పోసి కూర్చోబెడుతున్నాం. రెండు నెలలకు కారం ఇటుకపొడి రంగుకు వస్తే కొట్టువాడు కల్తీ చేశాడని తిట్టుకుంటున్నాం. పసుపూ అంతే. దానికి రంగునిచ్చే కర్క్యుమిన్ వెలుతురు తగిలితే విరిగిపోతుంది. గానుగ నూనె, నువ్వులు, వేరుశనగ గుళ్లు, అవిసెలు అన్నిటిలోనూ ఉన్నది నూనే. వెలుతురూ వేడీ గాలీ కలిసి దాన్ని పాతబరుస్తాయి. మూత తీయగానే ముక్కిపోయిన వాసన వస్తే ఆ నేరంలో గాజుకూ వాటా ఉంది.

అన్నిటికీ గాజు చెడ్డదని నేననను. ఉప్పుకీ పంచదారకీ వెలుతురుతో పేచీ లేదు. అయితే ఏ సరుకును చూపించాలో, దేన్ని దాచాలో సరుకును బట్టి తేలాలి, అలమర ఫొటోను బట్టి తేలకూడదు. మన పోపుల డబ్బాను చూడండి. పైన స్టీలు మూత, లోపల ఏడు చిన్న గిన్నెలు. బయటికి ఏమీ కనబడదు. అయినా ఆవాలెక్కడున్నాయో చీకట్లో కూడా చెయ్యి చెబుతుంది. ఆ గిన్నెల్లో పట్టేది పది పదిహేను రోజుల సరుకే కాబట్టి నెలకు రెండుసార్లయినా అడుగు కనబడుతుంది, కనబడినప్పుడల్లా కడుగుతాం. వంటింట్లో అన్నిటికంటే బాగా సర్దిన వస్తువు అదేనని నా అభిప్రాయం. దాన్ని ఎవరూ ఫొటో తీయరు.

రెండో సూత్రం, ప్యాకెట్ చింపి పోయడం. ప్యాకెట్ అందవికారంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ దాని వీపు మీద ఏముందో ఒక్కసారి చదవండి. ఎప్పుడు తయారైంది, ఎప్పటిలోగా వాడాలి, ఏ బ్యాచ్‌ది, ఎవరు చేశారు, 14 అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. లైసెన్సు నంబరు, లోపల ఏమేం కలిశాయి, ఎవరికి పడకపోవచ్చు. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింది నియమాల ప్రకారం కొనేవాళ్లకు దక్కుతున్న సమాచారం ఇది. దీన్నంతా చెత్తబుట్టలో వేసి, సీసా మీద 'శనగపిండి' అని అందమైన అక్షరాలతో ఒక్క మాట రాసుకుంటున్నాం. శనగపిండి అని మనకు ముందే తెలుసు. తెలియాల్సింది అది ఉగాది ముందుదా, వినాయక చవితి తర్వాతదా అని. ఇంట్లో ఎవరికైనా తేడా చేసి ఫిర్యాదు చేయాల్సి వస్తే చేతిలో ఏముంటుంది? వెదురు మూత.

ఇంకో సంగతి. ప్యాకెట్లో ఉన్నంతసేపూ ఏది ఏదో దాని మీద ఉంటుంది. సీసాలో పోశాక తెల్లనివన్నీ చుట్టాలే. వాన రోజుల చెమ్మకు చీటీలు ఊడిపోతాయి. ఇడ్లీ రవ్వతో ఉప్మా చేసిన ఘనులు మా ఇంట్లో ఒకరున్నారు. ఆయన పేరు నేను చెప్పకూడదు, నా పేరు పక్కన ఆయన ఇంటిపేరే ఉంటుంది.

పోయడంలో అసలు ప్రమాదం అది కూడా కాదు, పాతదాని మీద కొత్తది పోయడం. సీసా మూడొంతులు ఖాళీ కాగానే నెల సరుకులు వస్తాయి. పైనుంచి ఒంపేస్తాం. వాడేటప్పుడు పైనుంచే తీస్తాం. అడుగుది అడుగునే ముసలిదవుతుంది, దానికి పట్టిన పురుగు కొత్త సరుకును తీరిగ్గా అందుకుంటుంది. భారత ఆహార సంస్థ గోదాముల్లో ముందొచ్చిన బస్తా ముందు పోవాలని నియమం. పచారీ కొట్లో గుమాస్తా కూడా పాత ప్యాకెట్లు ముందుకు లాగి కొత్తవి వెనక పెడతాడు. అంత చిన్న కొట్టుకు తెలిసిన సంగతి అంత ఖరీదైన అలమరకు తెలియలేదు.

మూడోది గాలి చొరని మూత. సలహాలన్నిటిలోకీ శాస్త్రీయంగా వినబడేది ఇదే, కాబట్టి కాస్త నిదానంగా మాట్లాడదాం. పురుగు బయటినుంచి నడిచి వస్తుందని ఈ సలహా అనుకుంటుంది. కొంత వస్తుంది కూడా. కానీ బియ్యంలో ముక్కపురుగు కథ వేరు. ఆడపురుగు గింజకు కన్నం పెట్టి, లోపల గుడ్డు పెట్టి, పైన పూత పూసి మూసేస్తుంది. పిల్ల గింజలోపలే తిని పెరిగి, మన వేడికి దాదాపు నెల రోజుల్లో పెద్ద పురుగై బయటికొస్తుంది. పెసలకూ అలసందలకూ పట్టే పుచ్చుపురుగైతే పొలంలో కాయ మీదే మొదలెడుతుంది. గింజ మీద తెల్లని చుక్కలు కనబడితే అవి దాని గుడ్లు. అంటే మనం రబ్బరు పట్టీ బిగించేసరికే దొంగ ఇంట్లో ఉన్నాడు. తలుపు గడియ ఎంత గట్టిదైతే ఏం లాభం?

దీనికి జవాబుగా గాలి అందకపోతే పురుగు చస్తుంది కదా అంటారు. చస్తుంది, అది మన రైతులకు ఎప్పటినుంచో తెలుసు. రాయలసీమలో జొన్నలు పాతరల్లో పోసేవాళ్లు. భూమిలో గొయ్యి, చుట్టూ గడ్డి, పైదాకా గింజ, దాని మీద మన్ను. లోపలి పురుగులూ గింజలూ ఉన్న ప్రాణవాయువును వాడేసుకుంటాయి, ఆ తర్వాత అక్కడ ఏదీ బతకదు. మనిషి కూడా బతకడు. అందుకే పాతర తెరిచిన వెంటనే ఎవర్నీ దిగనిచ్చేవాళ్లు కాదు. ఆ కిటుకు పనిచేయాలంటే రెండు కుదరాలి. పాత్ర పైదాకా నిండి ఉండాలి, నెలల పాటు తెరవకూడదు. మన సీసా సగం గాలితో ఉంటుంది, రోజుకు రెండుసార్లు మూత తీస్తాం. పాతర గుణం దానికెక్కడినుంచి వస్తుంది?

పైగా బిగించిన మూత బయటి తేమను రానివ్వనట్టే లోపలి తేమను పోనివ్వదు. వడ్లలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో రైతును ఆరబెట్టుకురమ్మంటారు. మన వంటింట్లో అలా అడిగేవాళ్లు లేరు. శ్రావణంలో కొన్న వేరుశనగ గుళ్లు చేతికి చల్లగా తగులుతున్నా అలాగే సీసాలో పోసి బిగిస్తాం. చెమ్మగా ఉన్న గుళ్ల మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి దాని మీద పనిచేస్తున్నారు. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. మూత కంటే ముందు కావలసింది ఎండ. ఎండ లేని రోజుల్లో మూకుడు. బొంబాయి రవ్వను దోరగా వేయించి చల్లారాక డబ్బాకెత్తడం, పెసల్లాంటి గింజలకు కాస్త ఆముదం పట్టించడం, అనుమానమున్న పిండిని వారం రోజులు ఫ్రీజర్‌లో ఉంచి గుడ్లు చచ్చాక బయటికి తీయడం పురుగును నిజంగా ఆపే పనులు. ఇవి చేశాక ఏ మూతైనా చాలు. చేయకపోతే ఏ మూతా చాలదు.

నాలుగో సూత్రం మీద నాకు కోపం ఎక్కువ. డబ్బాలన్నీ ఒకే తీరుగా ఉండాలట. మన ఇంటి సరుకులు ఒకే తీరుగా వస్తాయా? బియ్యం పాతిక కిలోల బస్తాలో వస్తాయి, ఇంగువ చిటికెల్లో వాడతాం. చింతపండు, ఎండుమిర్చి వేసవిలో ఏడాదికి సరిపడా కొంటాం. పప్పులు నెలకు, ఉల్లిపాయలు వారానికి. సజ్జపిండి మర పట్టించాక కొద్దిరోజులకే చేదెక్కుతుంది, అదే సజ్జలుగా ఉంటే నెలలు ఆగుతాయి. బెల్లం వానాకాలం నీరు కారుతుంది. ఉల్లికీ వెల్లుల్లికీ గాలి తగలాలి, మూత పెడితే కుళ్లుతాయి. చింతపండు పులుపుకు ఇత్తడి పడదు. ఆవకాయకు జాడీ, దాని మీద నూనె తేటే అసలు మూత. ఒక్కో సరుకుకు ఒక్కో వయసు, ఒక్కో శత్రువు. వీటన్నిటికీ ఒకే యూనిఫాం తొడిగితే ఏడాది సరుకూ వారం సరుకూ పక్కపక్కన ఒకే వయసుదానిలా నిలబడతాయి.

వరసైన, పేర్లు రాసిన డబ్బాల ఆలోచనకు పేరున్న పూర్వీకురాలు ఒకరున్నారు, ఆస్ట్రియా వాస్తుశిల్పి మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ. 1926లో ఆవిడ గీసిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటిల్లును అక్కడి సుమారు 10 వేల ఇళ్లలో కట్టారు. బియ్యానికీ పంచదారకీ పేర్లు చెక్కిన అల్యూమినియం అరలు ఒకే వరసలో ఉండేవి. గోధుమపిండికి మాత్రం ఆవిడ ఓక్ చెక్క అర పెట్టించారు. ఆ చెక్కలోని వగరుకు పిండిపురుగు దూరంగా ఉంటుందని. వరస పెట్టించిన మనిషే పురుగు కోసం వరస తప్పించారు. మనం ఆవిడ వరసను తెచ్చుకున్నాం, వివేకాన్ని అక్కడే వదిలేశాం.

ఒకే సైజు డబ్బా ఇంకో చెడుపు చేస్తుంది. అది సగం ఖాళీగా ఉంటే వెలితిగా కనబడుతుంది. ఆ వెలితి పూడ్చడానికి కొంటాం. మెంతులు మా ఇంట్లో నెలకు యాభై గ్రాములు కావు. సీసాకు తగ్గట్టు కిలో కొన్నాను. రెండేళ్లకు సరిపోయేవి, నాకు తెలియకుండానే పెళ్లికి కొన్నట్టు కొన్నాను. కనబడితే వృథా తగ్గుతుందని చెప్పేవాళ్లు ఈ సంగతి చెప్పరు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక లెక్కన 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం పోయింది ఇళ్లలోనే. నా కందిపప్పు అడుగు, మెంతుల సీసా ఆ లెక్కలో చిన్న గింజలు.

ఇక్కడిదాకా చదివి ఎవరైనా "ఏమైనా మన అమ్మమ్మల పద్ధతే పద్ధతి" అంటే వాళ్లతోనూ నాకు తగాదా ఉంది. తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్లింట్లో కొట్టుగది చీకటి. కాగులు, దొంతులు, ఉట్టి, మూలన జాడీలు. మిరపకాయల ఎరుపును ఆ చీకటి బాగానే కాపాడింది. కానీ ఆ గది తాళంచెవి అమ్మమ్మ బొడ్డున ఉండేది. మా అత్తయ్య పూట పూటకూ "అత్తయ్యా, ఎన్ని సోలలు పొయ్యమంటారు?" అని అడిగి కొలిపించుకునేది. చీకటి సరుకును కాపాడినట్టే పెత్తనాన్నీ కాపాడింది. బస్తాల చుట్టూ గమాక్సిన్ పొడి చల్లిన ఇళ్లూ నేను చూశాను. ఆ పొడిలోని బి.హెచ్.సి. అనే పురుగుమందును మన దేశంలో 1997లో నిషేధించారు. తినే బియ్యంలో బోరిక్ పౌడర్ కలపడం, పడుకునే గదిలోని ధాన్యంలో విషవాయువు వదిలే బిళ్లలు పెట్టడం కూడా పాత పద్ధతులే. వాటిని ముద్దుచేయక్కర్లేదు.

గాజు సీసాల వాళ్ల వాదనలో నాకు నచ్చే ముక్క ఇక్కడే ఉంది. సరుకు అందరికీ కనబడితే వంట అందరి పనవుతుందన్నది మంచి ఆశ. జీలకర్ర ఎక్కడుందో తెలియదన్న సాకు మగవాళ్లకు పోతుంది. నిజమే, కానీ ఆ పని చేసేది పేరు రాసిన చీటీ. అది స్టీలు డబ్బాకూ అంటుతుంది. పైగా మా ఇంట్లో జరిగింది చెబుతాను. సీసాలు కనబడ్డాయి, కాబట్టి వాటి మీద వేలిముద్రలూ కనబడ్డాయి. వాటిని తుడవడం, ప్రతి నెలా ప్యాకెట్లు చింపి ఒంపడం, వరస సరిచేయడం కొత్త పనులయ్యాయి. ఆ కొత్త పనులు అందరివీ కాలేదు, నావే అయ్యాయి. అమ్మమ్మకు తాళంచెవి ఉండేది. నాకు తుడుపుగుడ్డ దక్కింది.

చిన్న ఫ్లాట్‌లో కొట్టుగది ఎక్కడినుంచి తెస్తామని అడగొచ్చు. గది అక్కర్లేదు. సరుకును రెండుగా చూస్తే చాలు, నిల్వది, వాడుకది. నిల్వ సరుకు ప్యాకెట్‌తో సహా స్టీలు డబ్బాలో, కింది అరలో, చీకట్లో, తేదీ కనబడేలా. విడి సరుకైతే పొట్లం మీద కొన్న తేదీ పెన్నుతో. వాడుకది పది పదిహేను రోజులకు సరిపడా, చిన్న డబ్బాలో, చేతికందే ఎత్తులో. అంటే పోపుల డబ్బా తర్కాన్ని అలమర అంతటికీ పాకించడం. చిన్న డబ్బా ఖాళీ అయితేనే పెద్దది తెరవాలి. ఖాళీ అయినదాన్ని కడిగి, తడి లేకుండా ఆరాకే మళ్లీ నింపాలి. ఇందులో కొనవలసిందేమీ లేదు. బహుశా అందుకే దీని మీద వీడియోలు తక్కువ.

మన ఇళ్లలో బియ్యం అయిపోయాయని అనరు, నిండుకున్నాయంటారు. డబ్బా పూర్తిగా ఖాళీ చేయడమూ అశుభమే. మరి అడుగు చూడాలన్న నా మాట పెద్దవాళ్లకు కొరుకుడు పడదేమోనని నాకూ అనిపించింది. అప్పుడు అమ్మమ్మ చేసే పని గుర్తొచ్చింది. కొత్త బియ్యం పోసే రోజు పాత బియ్యం చివరి పిడికెడు చేటలోకి తీసేది. డబ్బా తుడిచి పెరట్లో ఎండలో బోర్లించేది. మధ్యాహ్నానికి కొత్త బియ్యం పోసి, చేటలోని ఆ పిడికెడు పైన చల్లేది. ఇంట్లో బియ్యం లేని ఘడియ రాలేదు. అడుగూ శుభ్రపడింది. పాతవి పైనున్నాయి కాబట్టి రాత్రి ఎసట్లోకి ముందు అవే వెళ్లాయి. శుభం కోసం చేస్తున్నానని ఆవిడ అనుకుంది. గోదాము నియమం కూడా అందులోనే ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో గాజు సీసాలు నాలుగు మిగిలాయి, ఉప్పుకీ పంచదారకీ ఇంకో రెండింటికీ. అటక మీది స్టీలు డబ్బాలు దిగాయి. ఒకటి సొట్ట, రెండింటి మీద అమ్మ పేరు చెక్కి ఉంది, ఏవీ ఒక సైజువి కావు. నిన్న మినప్పప్పు నిండుకుంది. డబ్బా కడిగి బాల్కనీలో ఎండకు పెట్టాను. సాయంత్రం దాకా అలమరలో దాని చోటు బోసిగానే ఉంది. చూడ్డానికి ఏమంత బాగాలేదు. నాకు మాత్రం నిమ్మళంగా ఉంది.